అందరికీ ఒకేరోజు సెలవు

భాగ్యవతి ఒళ్ళో స్టీలు గిన్నె బోర్లించుకుని దాని మీద పేరు కొడుతున్నప్పుడు ఎవరు పలకరించినా పలకదు. ఈ సంగతి గరివిడి బజార్లో అందరికీ తెలుసు. పేర్లు కొట్టే మిషను పెన్నులా పట్టుకుని, అది జుయ్యిమంటుంటే, కళ్ళజోడు ముక్కు చివరికి జారనిచ్చి, నాలిక కొస పంటి కింద పెట్టుకుని అక్షరం తర్వాత అక్షరం దింపుకుంటూ పోతుంది. మధ్యలో ఆగితే ఆగినచోట గుంట పడుతుంది. ముప్ఫై ఆరేళ్ళుగా ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పంచిపెట్టిన గిన్నెల మీద పేర్లన్నీ ఆవిడ చేతివే.

అంచేత ఆ బుధవారం పొద్దున్న కొట్టు ముందుకొచ్చిన అమ్మాయి పావుగంట నిలబడాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ లోపు పిల్ల. మెడలో కాలేజీ గుర్తింపు కార్డు, చేతిలో బరువుకి సాగిపోయిన గుడ్డ సంచి. కాటా పక్కన కూర్చున్న వెంకటరావు కుర్చీ చూపించాడు.

“కూకోండమ్మా. మా ఆవిడ సత్యనారాయణమూర్తి పేరు కొడతన్నాది. ఇంకా మూర్తి రావాల.”

మూర్తి వచ్చాక మిషను ఆగింది. భాగ్యవతి గిన్నెని పైటచెంగుతో తుడిచి పక్కన పెట్టింది.

“ఏటి కావాలమ్మా? పెళ్ళి సామానా?”

“కాదండీ. నా పేరు సుహాసిని. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్తాను. జగన్నాధం గారు మిమ్మల్ని కలవమన్నారు. ఫ్యాక్టరీలో కంప్యూటర్ మేనేజరుగా చేశారు కదండీ, ఆయన.”

వెంకటరావు తొడ మీద చరుచుకుని నవ్వాడు. “సెలవు జగన్నాధమా! ఇంకా ఉన్నారేటి ఆయన?”

“సెలవేమిటండీ?” అంది సుహాసిని.

అంతే చాలు వెంకటరావుకి. ఈ కథ చెప్పే అవకాశం ఇచ్చినవాళ్ళకి ఆయన టీ కూడా తెప్పిస్తాడు.

“ఎనభై అయిదులో మాటమ్మా. అప్పటికి జిల్లాలో కంప్యూటర్ అంటే మా ఊరి ఫ్యాక్టరీలోదే. గదంత ఉండేది. దానికి ఏసీ, మనుషులకి విసనకర్ర. ఫర్నేసు దగ్గర పనిచేసేవోళ్ళు మూడొందలమంది. ఎవడికి ఏ షిఫ్టు, ఎవడికి ఏరోజు సెలవు అన్నది కంప్యూటరే చీటీలు అచ్చేసి ఇచ్చేది. కొత్త షిఫ్టులు పెట్టినప్పుడు ఈయన కొత్త ప్రోగ్రాం రాసేడు. చీటీలు పంచేరు. ఎవడి చీటీ వాడు సూసుకున్నాడు. సోమవారం సెలవు. అదీ కార్తీక సోమవారం! పక్కోడి చీటీ ఎవడు సూస్తాడమ్మా? ఫోర్‌మన్ కూడా తన చీటీ సూసుకుని పిల్లల్ని తీసుకుని పిక్నిక్‌కి ఎల్లిపోనాడు. సోమవారం పొద్దున్న ఫర్నేసు దగ్గర పురుగు లేదు. చల్లారితే కొంప మునుగుతాది కదా, టైలు కట్టుకున్న ఆఫీసర్లే పారలు పట్టుకున్నారు. మూడొందలమందికీ ఒకేరోజు సెలవిచ్చీసేడు మహానుభావుడు!”

“ఆయన్ని పాపం తర్వాత స్టోర్సులో పడేసేరు,” అంది భాగ్యవతి. అంటూ తనూ నవ్వింది. ఆ కథకి ఆవిడ ఎన్నిసార్లు నవ్విందో లెక్కలేదు.

సుహాసిని సంచి తెరిచి బల్ల మీద బోర్లించింది. గోధుమరంగుకి తిరిగిన అట్టముక్కలు గుట్టగా పడ్డాయి. ఒక్కొక్కటీ జానెడు పొడుగు, ఒళ్ళంతా చిన్న చిన్న నిలువు కన్నాలు.

భాగ్యవతి కాసేపు వాటిని ముట్టుకోలేదు. తర్వాత రెండు చేతులా ఒక పిడికెడు తీసుకుంది. కోసిన మూల అన్నిటికీ ఒకే వైపు వచ్చేలా తిప్పి, బల్ల మీద ఈ అంచూ ఆ అంచూ తట్టి, బొటనవేలితో ఒక్కసారి చివర్లు విసిరింది. కార్డులు టరటరమన్నాయి. వెంకటరావు నవ్వడం మానేసి చూశాడు.

“ఇవెక్కడివమ్మా?” అంది భాగ్యవతి.

సుహాసిని చెప్పుకొచ్చింది. శనివారం కాలేజీలో కంప్యూటర్ చరిత్ర గది ప్రారంభం. పాత టైపు మిషన్లు, పాత డబ్బా టీవీల్లాంటి కంప్యూటర్లు, ఫ్లాపీలు పోగుచేశారు. అన్నిటికన్నా గొప్ప వస్తువు జగన్నాధం గారు పంపిన ఈ పంచ్ కార్డుల కట్ట, కంప్యూటర్ చదివేలా కార్డుకో వరస చొప్పున కన్నాలుగా కొట్టిన, జిల్లాలో రాసిన మొదటి ప్రోగ్రాముల్లో ఒకటి. సోమవారం దాన్ని అద్దాలపెట్టెలో పెట్టబోతుంటే అటెండరు దాలయ్య చేతిలో ముసలి రబ్బరుబ్యాండు తెగింది. పైన ఫ్యాను తిరుగుతోంది. మూడు వందల ఎనభై కార్డులు వరండా అంతా పరుచుకున్నాయి.

“పైన అచ్చు వెలిసిపోయింది. నాకు వీటిని చదవడం రాదు. మా పిల్లలు ఫోన్లో ఫొటో తీసి ఏఐని అడిగితే, ఇవి పాతకాలం బస్సు టికెట్లు అని చెప్పింది. జగన్నాధం గారికి చూపు ఆనదట. ‘నేను రాసేవాణ్ణే గాని కొట్టేది వాళ్ళు, భాగ్యవతి గరివిడిలోనే ఉంటాది, ఆవిడకిస్తే కళ్ళు మూసుకుని పేరుస్తాది’ అన్నారు.”

భాగ్యవతి ఒక కార్డుని వెలుతురుకి ఎత్తింది. వేలికొసని కన్నాల మీదుగా కుడివైపు చివరికి నడిపించింది. “డెబ్భై మూడో గడి నుంచి నెంబరుంటాది. ఇది నూట నలభై రెండు. ఇదిగో ఇది పదహారు.” ఇంకోటి తీసింది. “ఇది కుసుమ కొట్టింది.”

“ఎలా తెలుసండీ?”

“అంచు మీద గులాబిరంగు సుక్క సూడు. కింద పడితే వరస తెలియడానికి కట్ట పైఅంచు మీద ఏటవాలుగా గీత గీసీవోలం. సిరా అయితే సెరిగిపోద్దని గోళ్ళరంగు. నాది ఎరుపు, కుసుమకుమారిది గులాబి. తులసిది మాత్రం ఎవులూ కొనని కాఫీపొడి రంగు.”

సుహాసిని ముఖం వెలిగిపోయింది. అప్పుడామె ఫోను తీసి, ఆ గదిలో గోడకి పెట్టబోయే బోర్డు ఫొటో చూపించింది. అక్కడే పొరపాటు చేసింది.

ఫ్యాక్టరీ కంప్యూటర్ గది. మధ్యలో టై కట్టుకుని నిలబడ్డ జగన్నాధం. ఆయన ముందు మిషన్ల దగ్గర కూర్చున్న ముగ్గురు ఆడపిల్లలు. చివరున్న పిల్ల జడ కుర్చీ కిందికి వేలాడుతోంది. భాగ్యవతి రెండువేళ్ళతో బొమ్మని పెద్దది చేసి ఒకప్పటి తన జడనే చూసింది. తర్వాత కింద రాసింది చదివింది. ‘జిల్లా తొలి కంప్యూటర్ నిపుణులు శ్రీ జగన్నాధం గారు, సిబ్బందితో.’

“మరి మా పేర్లేవి?”

“సిబ్బంది అని రాశామండీ...”

“ఈ కుర్చీల్ని కూడా సిబ్బంది అనీసేరా?” అంది భాగ్యవతి. “రోజుకి ఎనిమిది గంటలు, గంటకి ఎనిమిదివేల కన్నాలు కొట్టీవోలమమ్మా ఈ వేళ్ళతో. ఆయన పెన్సిలుతో గీకిన గీతల్లో ఏది ఒకటో ఏది ఏడో మేవే పోల్చుకునీవోలం. తెలుసా నీకు?”

“నిజమేనండీ. కానీ బోర్డు ప్రింటుకి వెళ్ళిపోయింది. చైర్మన్ గారు సంతకం పెట్టేశారు. నేను కాంట్రాక్టు మీద ఉన్నాను, ఆయన్ని మళ్ళీ అడగలేను.”

భాగ్యవతి కార్డులన్నీ నెమ్మదిగా సంచిలో సర్దింది. సంచి మెడ ముడేసి సుహాసిని చేతికిచ్చింది.

“అలాగైతే మీ చైర్మన్ గారినే పేర్చుకోమను. సంతకం పెట్టిన చెయ్యి కదా, కన్నాలు చదవలేదేటి?”

వెంకటరావు “ఒసే, చిన్నపిల్ల...” అనబోయి, భార్య ముఖం చూసి కాటా తుడుచుకోవడం మొదలెట్టాడు. సుహాసిని సంచి పట్టుకుని వెళ్ళిపోయింది. ముప్పావుగంటకి మళ్ళీ వచ్చింది. ఎండకి కమిలిన ముఖం మీద నవ్వు ఆపుకుంటోంది.

“మీరు పేర్చకపోతే అద్దాలపెట్టె ఖాళీగా ఉంటుందని చెప్పానండీ, బోర్డు మళ్ళీ ప్రింటు చేయించి ముగ్గురి పేర్లూ వేస్తారట. స్పెల్లింగ్ తప్పు రాకుండా మీ చేత్తోనే రాసిమ్మన్నారు.”

భాగ్యవతి తన పేరు చివర రాసింది. కుసుమకుమారి, తులసి, భాగ్యవతి. రాసి కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసుకుంది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల పేర్లు కొట్టిందో గాని, ఒక పేరు చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. వెంటనే ఫోను తీసి కుసుమకి చేసింది.

గురువారం పొద్దున్న పాసింజర్లో కొత్తవలస నుంచి కుసుమకుమారి, ఎదురొచ్చే బండిలో నౌపడ నుంచి తులసి దిగారు. కుసుమ చేగోడీల డబ్బాతో దిగింది. తులసి ఎప్పటిలాగే ఉప్పు మూట తెచ్చింది, గరివిడిలో ఉప్పు దొరకనట్టు. కొట్టు వెనక గదిలో చాపలు పరిచి ముగ్గురూ కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నారు. ఫ్యాను వేస్తే కార్డులు ఎగిరిపోతాయని కట్టేశారు. పదినిమిషాలకే జాకెట్లు తడిసిపోయాయి.

“ఏసీ ఏదే?” అంది కుసుమ. “ఏసీ లేందే నాను కార్డు ముట్టను. కంప్యూటరు ఆపరేటర్నే నాను.”

“ఆ రోజుల్లో శాలువా కప్పుకుని కూకునీదానివి, మరిసిపోనావేటి?” అంది తులసి.

ముందు రంగుల ప్రకారం మూడు గుట్టలు చేశారు. తర్వాత చుక్క అంచుకి ఏ కొసన ఉందో చూసుకుని పలచన పలచన దొంతులు పెట్టారు. ఆ తర్వాత నెంబర్లు. మొదటి గంట భాగ్యవతి ఒక్కతే చదివింది. రెండో గంటకి ముగ్గురి వేళ్ళూ దారిలో పడ్డాయి. చూడకుండానే, తడుముతూనే, మాట ఆపకుండానే కార్డులు సర్దుకుపోతున్నాయి. ఎవరి కోడలు ఏమంది, ఎవరి మోకాలికి ఏ నూనె, నౌపడ ఉప్పుమళ్ళలో ఈ ఏడు వాన ఎంత పాడుచేసింది, అన్నీ నడుస్తున్నాయి. మధ్యలో వెంకటరావు టీలు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య అంత గట్టిగా నవ్వడం వినలేదని ఆయనకి అనిపించింది. లోపలికి రాబోతే “కార్డులు తొక్కుతారు, అక్కడే ఉండండి” అని కసిరేశారు.

భోజనాల వేళకి కట్ట అయిపోవచ్చింది. అప్పుడు తులసి లెక్క చూసుకుని, “ఒకటి మిగిల్తన్నాదే,” అంది.

“మిగలడమేటి?”

“రెండొందల పదిహేడు రెండున్నాయి.”

రెండింటి అంచునా ఎర్ర చుక్కే. అంటే రెండూ భాగ్యవతి గుట్టలోవే. అయితే ఒకదాని చుక్క పాతది, వెలిసింది. రెండోదానిది ఎవరో తర్వాత దిద్దినట్టు ముద్దగా ఉంది. భాగ్యవతి రెండు కార్డుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. ఎండ కన్నాల్లోంచి చుక్కలు చుక్కలుగా ఆవిడ ముఖం మీద పడింది. అన్ని కన్నాలూ కలిశాయి. ఒక్కచోట మాత్రం వెలుతురు రాలేదు. పైకార్డులో ఒకటి గడిలో ఉన్న కన్నం, కిందకార్డులో దాని పైనున్న సున్న గడిలో ఉంది.

తులసి కళ్ళు చిట్లించి చదివింది. ముగ్గురిలోనూ ప్రోగ్రాం అర్థమయ్యేది ఆమెకే. “గుంపు నెంబరుకి ఒకటి కలుపు అని ఉన్నాది మంచిదాంట్లో. ఇందులో సున్న కలుపు అని ఉన్నాది.”

“కలిపితే ఏటవుద్ది?” అంది కుసుమ.

“సున్న కలిపితే ఏటవుద్దే? ఎవుడూ ముందుకి కదలడు. మూడొందలమందీ మొదటి గుంపులోనే ఉండిపోతారు.” తులసి ఆగింది. “మొదటి గుంపుకి సోమవారం సెలవు.”

బయట వెంకటరావు ఎవరికో కుక్కరు ధర చెబుతున్న మాటలు వినిపిస్తున్నాయి.

భాగ్యవతి తప్పు కార్డు కుడి అంచుని వేలితో తడిమింది. నున్నగా ఉంది. అక్కడ చిన్న గంటు ఉండాలి. ఒకరు కొట్టిన కార్డుని ఇంకొకరు రెండో మిషన్లో పెట్టి మళ్ళీ అదే కొట్టేవారు. రెండూ సరిపోతే మిషనే అంచున గంటు పెట్టేది. సరిపోకపోతే ఎర్రదీపం వెలిగేది. గంటు లేని కార్డు కంప్యూటర్లోకి వెళ్ళకూడదు.

“నువ్వు సరిసూడలేదే ఇది,” అంది కుసుమతో, మెల్లిగా.

కుసుమ ఆ కార్డుని లాక్కుని చూసింది. “ఇది ఎప్పుడు కొట్టేం?”

“సిరిమాను రోజు,” అంది తులసి.

ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చింది. విజయనగరంలో పైడితల్లి పండగ. మధ్యాహ్నం పాసింజరు తప్పితే, కొసన పూజారిని కూర్చోబెట్టుకుని సిరిమాను తిరగడం కనిపించదు. గోడ గడియారం చూసుకుంటూ భాగ్యవతి ఆఖరి కార్డులు పరుగులు పెట్టి కొట్టింది. కుసుమ ‘సరిచూడడమైనది’ అన్నచోట టిక్కు పెట్టేసి చెప్పులేసుకుంది. తులసి అప్పటికే గుమ్మం బయట నిలబడి పిలుస్తోంది.

“పొయ్యిలో ఎట్టీ దాన్ని,” అంది కుసుమ. “ఎవుడు సూడొచ్చేడు? ఎల్లుండి పేర్లెక్కుతాయనగా ఇదేటి ఖర్మం?”

భాగ్యవతి ఆ కార్డుని పర్సులో పెట్టుకుంది. జగన్నాధం గారిని స్టోర్సులో గోనెసంచులు లెక్కపెట్టడానికి వేశారు. ఆయన బజార్లోకి వస్తే పిల్లలు కూడా ‘సెలవు జగన్నాధం’ అని కేకలేసేవారు. తను కొట్టులో నిలబడి విని నవ్వింది. నిన్నటికి నిన్న, ఆయన పేరొక్కటే ఎక్కిందని ఆ పిల్ల మీద కేకలేసింది. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

శుక్రవారం ఆవిడ రెండు గిన్నెలు పాడుచేసింది. హైమ అని కొట్టమంటే రెండింటి మీదా హేమ అని కొట్టింది. వెంకటరావు వాటిని పక్కన పెట్టి, “ఏటయిందే?” అన్నాడు. కార్డు తీసి చూపించి అంతా చెప్పింది. ఆయన చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అందులో ఆయనకేం కనిపిస్తుంది, కన్నాలు తప్ప.

“అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే,” అన్నాడు. “మొన్న కూడా.”

“రేపు చెప్పీమంటారా?”

“చెప్తే బోర్డు మీద నీ పేరు పక్కన ఇది కూడా ఉంటాది మరి. ఊరంతా నిన్నే అంటారు.”

“అంటే అననీండి. ఆయన ఒక్కడే ఎన్నాళ్ళు పడతాడు?”

“అయితే నన్నడుగుతావేటి?” అన్నాడు వెంకటరావు.

శనివారం కాలేజీ హాలు నిండిపోయింది. కుర్చీలు ఖాళీగా కనిపించకూడదని ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్ళనందర్నీ పిలిచారు. వాళ్ళు ఉతికిన పంచెలతో, కూతుళ్ళ స్కూటర్ల మీద, మనవల బైకుల మీద దిగారు. చరిత్ర గదిలో గోడ మీద బోర్డు నిగనిగలాడుతోంది. ఫొటో కింద మూడు పేర్లూ ఉన్నాయి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. కుసుమ దాని ముందు నిలబడి ఫోన్లో పదిహేను ఫొటోలు తీసుకుంది. భాగ్యవతి ఒక్కసారి చూసి తల తిప్పుకుంది.

జగన్నాధం గారిని వేదిక మీద కూర్చోబెట్టారు. ఎనభై దాటిన మనిషి, చిక్కిపోయారు. మందపాటి కళ్ళజోడులోంచి ఎవరు మాట్లాడితే అటు తల తిప్పుతున్నారు. చైర్మన్ గారు ఆయన్ని పొగుడుతూ పొగుడుతూ కంప్యూటర్ కనిపెట్టినదాకా వెళ్ళి, సుహాసిని చీటీ పంపాక వెనక్కొచ్చారు. తర్వాత ముగ్గురినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. “రెండు ముక్కలు మాట్లాడండమ్మా,” అని మైకు భాగ్యవతి చేతికిచ్చారు.

భాగ్యవతి మైకు పట్టుకున్నది జీవితంలో అదే మొదలు. ఆవిడ గొంతు హాలు నాలుగు మూలల్నించీ ఆవిడకే వినపడింది.

“నాకు మాటలు రావు. ఒక్క సంగతి సెప్పి దిగిపోతాను. ఈ ఊళ్ళో సెలవు కథ తెలీనోళ్ళు లేరు. ఎనభై అయిదులో ఫర్నేసు మొత్తానికి ఒకేరోజు సెలవొచ్చినాది. అది జగన్నాధం సారు తప్పని అందరూ నవ్వేరు. నానూ నవ్వేను.” పర్సులోంచి కార్డు తీసి పైకెత్తింది. “ఆ తప్పు ఇదిగో. ఇది నా సేతులతో కొట్టినాను. సిరిమాను సూడ్డానికి రైలెక్కాలని తొందరలో కొట్టినాను. సారు రాసింది సరిగ్గానే రాసేరు.”

“సరిసూడంది నాను,” అని కుసుమ మైకు లేకుండానే అరిచింది. “అదీ రాసుకోండి.”

భాగ్యవతి జగన్నాధం గారి వైపు తిరిగింది. “తర్వాత మంచి కార్డు కొట్టి పెట్టింది మీరే, మీకు ఆ రోజే తెలుసు కదా సార్? ఎందుకు సెప్పలేదు?”

సుహాసిని ఇంకో మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన కాసేపు దాన్ని వేలితో తట్టి చూశారు.

“గంటు లేని కార్డు మిషన్లోకి ఎక్కించకూడదమ్మా,” అన్నారు. “ఎక్కించింది ఎవరు? నేనే. ఒకసారి నడిపించి చూసుకోవాలి. చూసుకోలేదు. ఎందుకంటే నేనూ అదే బండికి వెళ్ళాలి. మీ ముగ్గురూ ఎక్కిన పెట్టెకి ముందు పెట్టెలో ఉన్నాను. మీరు నన్ను చూస్తారేమోనని విజయనగరం దాకా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.”

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా విరగబడి నవ్వింది. భాగ్యవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేసింది. రెండు రోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయి, ఒళ్ళు తేలికైపోయింది.

“మరి ఆ పాడు కార్డు దాచేరేటి సార్?” అంది తులసి.

“పారెయ్యడానికి మనసొప్పలేదు. నేను రాసిన ప్రోగ్రాములన్నిటిలోకీ జనానికి నచ్చింది అదొక్కటే.”

ఆ నవ్వులు ఇంకా ఆగకుండానే వెనక వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. చేతుల మీద, మెడ మీద పాత కాలిన మచ్చలు. “ఓలమ్మా, కాసేపాగండర్రా,” అంటూ కుర్చీలు పట్టుకుని ముందుకొస్తున్నాడు. పక్కనే నలభై ఏళ్ళ కూతురు జబ్బ పట్టుకుని నడిపిస్తోంది. ఫర్నేసు సోములు అని వెనకనుంచి ఎవరో అన్నారు. వేదిక ముందుకొచ్చి ఆయన భాగ్యవతిని ఎగాదిగా చూశాడు.

“ఆ సెలవు నువ్విచ్చినావేటి తల్లీ?”

“తప్పయిపోనాది బాబూ,” అంది భాగ్యవతి.

“తప్పేటి తల్లీ! ముప్పై మూడేళ్ళు సేసినాను ఆ నిప్పుల కాడ. మా క్వార్టర్ల లైన్లో మొగోళ్ళందరం ఒక్కపాలి ఇంటికాడున్నది ఆ ఒక్కరోజే. లేపోతే ఒకడు పగులు, ఒకడు రాత్రి. నానింటికొచ్చే యేళకి మా ఆడది పన్లోకెల్లిపోయీది. ఆ రోజు లైను లైనంతా మావిడితోటకెల్లినాం. వంకాయ కూరొండుకున్నాం. డప్పులు కొట్టినాం. అలాటి రోజు మల్లీ రాలేదు.” ఆయన చేతులు రెండూ జోడించాడు. “జగన్నాధం బాబు ఇచ్చినారనుకున్నాం. ఆ బాబు పేరే ఎట్టుకున్నాం.”

“దేనికి?” అంది భాగ్యవతి అర్థంకాక.

“పిల్లలకి తల్లీ! సావనం వచ్చీసరికి మా లైన్లో ఏడుగురు పుట్టినారు. ముగ్గురు జగన్నాధాలు, నలుగురు జగ్గమ్మలు. ఇదిగో, ఇది నా జగ్గమ్మే.” కూతుర్ని ముందుకి తోశాడు. “ముందే ఒక ముక్క సెప్పుంటే నలుగురు భాగ్యవతులు ఉందురు కాదేటి!”

చైర్మన్ గారు కుర్చీలోంచి జారిపోయేలా నవ్వుతున్నారు. వేదిక మీద జగన్నాధం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఏడుగురు పిల్లలకి తన పేరు పెట్టిన సంగతి ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది.

జగ్గమ్మ భాగ్యవతి చెయ్యి పట్టుకుంది. “బళ్ళో ఎంత ఏడిపించీవోరో పిన్నీ ఈ పేరుతో! ‘జగ్గమ్మా, జగ్గెడు నీల్లమ్మా’ అని. భాగ్యవతి అంటే ఎంత బావున్ను! ఇప్పుడు మార్సుకుందామంటే ఆధార్లో ఒక అచ్చరం దిద్దించడానికే మూడుసార్లు తిరిగినాను.”

భాగ్యవతి ఆమెని దగ్గరికి లాక్కుని, నవ్వు ఆపుకోలేక, ఆమె భుజం మీద తల పెట్టేసింది.